కుడి వాకిలి నిశ్శబ్దం

ప్రయోగశాల, నేలమాళిగ
మార్చి 3

వదినా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. కూర్చున్నావా? మన డప్పులు దారికొచ్చాయి. ఎడమ వాకిలి నుంచి పంపిన సంకేతం కుడికి హాయిగా వెళుతోంది. కుడి నుంచి పంపింది మాత్రం ఎడమకు రావడం లేదు. ఆరేళ్లుగా అటూ ఇటూ ఒకేలా పలికినవి నిన్న పొద్దున పదకొండింటికి ఒకవైపు నోరు మూసుకున్నాయి. నా కాళ్లు నేల మీద ఆనడం లేదు.

నీకు ఫోన్ చేసి అరుద్దామని ఫోను తీశాను. తీశాక గుర్తొచ్చింది, నువ్వున్న లోయలో ఫోను పెట్టుకోవడమే నేరమని. ఆకాశం చప్పుళ్లు వినే ఆ పెద్ద డిష్‌కి మన గోల పడదు కదా. పదకొండేళ్లు ఈ నేలమాళిగలో కేబుళ్లు కట్టిన మనిషివి, ఏడాది కాంట్రాక్టని చెప్పి జనవరిలో వెళ్లిపోయావు. సరే, ఉత్తరాలే మనకు గతి.

ఎవరికో ఒకరికి చెప్పకపోతే పగిలిపోతానేమో అనిపించి అన్నయ్య కళ్లద్దాల దుకాణానికి పరిగెత్తాను. ఎవరిదో ఫ్రేము విప్పి, మరలు పెదాల మధ్య పెట్టుకుని ఉన్నాడు. "అన్నయ్యా, అల్యూమినియం రేకుతో చేసిన రెండు డప్పులు. రెండూ కలిపినా వెంట్రుక మందం ఉండవు. ఎడమ వాకిలి నుంచి మైక్రోవేవ్ సంకేతం పంపితే రెండుగా చీలి, రెండు డప్పుల మీదుగా నడిచి, అవతల అడుగులో అడుగు వేసి కలుస్తుంది. కుడి నుంచి పంపితే ఆ రెండు సగాలూ ఎదురడుగు వేసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

మరలు నోట్లోంచి తీసి అన్నాడు కదా, "ఇందులో కొత్తేముంది? మీ వదినా నేనూ మాట్లాడుకోవడం అలాగే కదా. ఆవిడ చెప్పింది నాకు చేరుతుంది. నేను చెప్పింది ఆవిడకు చేరదు."

తర్వాత ఎందుకిదంతా అని కూడా అడిగాడులే. అటువైపు ఉండే ఆంప్లిఫయర్ రొద వెనక్కి వచ్చి ఇటువైపు సున్నితమైన పరికరాలను పాడుచేయకుండా కాపలా కావాలని చెప్పాను. ఇప్పటిదాకా ఆ కాపలా కాసేది అయస్కాంతం ఉన్న ఐసొలేటర్, అగ్గిపెట్టెంతే ఉన్నా బరువైన డబ్బా. రేపు వేల కొద్దీ కావాలంటే అన్ని డబ్బాలు ఎక్కడ పెడతారు? అదే పని మన ధూళి రవ్వంత డప్పులు చేస్తే, అయస్కాంతం లేకుండా చేస్తే! అదీ సంగతి.

మన ప్రొఫెసరు పెద్దాయన జూన్‌లో రిటైరవుతున్నారు. మే ముప్పయ్యోతేదీన పేపరు పంపాలన్నారు. ఈ నిశ్శబ్దం నిజమైతే ఆయన ముప్పయ్యేళ్ల పనీ, నా పీహెచ్‌డీ డిగ్రీ రెండూ గట్టెక్కుతాయి. కాకపోతే ఇద్దరం ఉత్త చేతులతో మెట్లెక్కి బయటికి పోవాలి. డప్పులున్నది నువ్వు వెళ్లే రోజున నీ చేత్తో మూత బిగించిన అతిశీతల ఫ్రిజ్‌లోనే, అప్పట్నుంచి తెరవలేదు; అది చల్లబడ్డాక రెండు వైపులా పంపి చూసింది నిన్నే మొదటిసారి. నీ చేతి చలవే అంటాను.

నీ మరదలు

*

డిష్ లోయ, నాలుగో నంబరు క్వార్టర్
మార్చి 12

డప్పుల మరదలికి,

ఇన్నాళ్లూ నీ డప్పు నువ్వే కొట్టుకునేదానివి, ఇక లోకం కొడుతుందన్నమాట. కూర్చునే చదివాను. చదివి లేచి గదంతా తిరిగాను, మళ్లీ కూర్చుని మళ్లీ చదివాను. తపాలా వాన్ వారానికి రెండుసార్లే వస్తుంది, అందుకే ఇంత ఆలస్యం.

మీ అన్నయ్యతో చెప్పు, ఆయన మాటలు చేరకపోవడానికి కారణం ఆయన నోట్లో ఎప్పుడూ మరలుండటమేనని.

ఇక్కడ పొద్దున్నే లోయ మంచుతో నిండిపోతుంది. డిష్ పైభాగం ఒక్కటే కనిపిస్తుంది, తెల్లటి పళ్లెం పాల మీద తేలుతున్నట్టు. తొమ్మిదింటికి అది తిరగడం మొదలుపెడుతుంది. ఎంత నెమ్మదిగా అంటే, తిరుగుతోందో నా కళ్లే తిరుగుతున్నాయో తేల్చుకోలేను. నా పని దాని గొంతు దగ్గర, చల్లటి పెట్టెలో కేబుళ్లు సరిచూడటం. మధ్యాహ్నం భోజనమయ్యాక దాని నీడలో గడ్డి మీద పడుకుంటాను. నిన్న అలా పడుకుంటే కల. నేను మన ఫ్రిజ్ లోపల, బంగారు పళ్లేల మధ్య ఒక్కో అంతస్తు దిగుతున్నాను. దిగే కొద్దీ చలి, కానీ వణుకు లేదు. అడుగున నీ డప్పులు రెండూ ఊపిరి పీల్చుకుంటున్నాయి. నేను చెవి ఆనించబోయేసరికి మెలకువ వచ్చేసింది. చెంప మీద గడ్డి పరక అంటుకుని ఉంది.

ఇక్కడా ఒక సంబరం జరుగుతోంది. వారం రోజులుగా ప్రతి మధ్యాహ్నం మూడున్నరకి డిష్‌కి ఒక టకటక వినిపిస్తోంది. ఎవరూ బయటికి అనడం లేదు గానీ అందరి కళ్లూ మెరుస్తున్నాయి. మా ఇంచార్జి అయితే చొక్కా ఇస్త్రీ చేసుకుని వస్తున్నాడు.

సరేగానీ, నీ నిశ్శబ్దం ఎంత? అంకె రాయి. నాకు అంకె లేనిదే సంతోషం పూర్తిగా ఎక్కదు.

మీ వదిన

*

ప్రయోగశాల
మార్చి 24

వదినా,

అంకె కావాలా, ఇదిగో. కుడి నుంచి పంపిన దాంట్లో నూటికి ఒక్క వంతు ఎడమకు వస్తోంది. తొంభైతొమ్మిది వంతులు మాయం! పొద్దున చూసినా అంతే, సాయంత్రం చూసినా అంతే. నాబ్ కాస్త అటూ ఇటూ కదిలినా ఆ నిశ్శబ్దం చెక్కు చెదరడం లేదు. పెద్దాయన తెర మీది ఆ గీత ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. ముప్పయ్యేళ్లలో ఆయన ఈల వేయడం ఎవరూ వినలేదట. నేను విన్నాను.

నేనిప్పుడు నేలమాళిగలోనే ఉంటున్నానంటే నమ్ము. ఫ్రిజ్ పంపు చప్పుడు వింటూ ఉంటే ఎవరో పక్కన నిద్రపోతున్నట్టు ఉంటుంది. ఆ చప్పుడుకు తగ్గట్టు నా ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. నీ కల చదివాక నాకూ ఒక కల వచ్చింది. నేనే సంకేతాన్ని. రెండుగా చీలి రెండు డప్పుల మీద నడిచాను. ఒక నేను ముందు చేరి, రెండో నా కోసం వాకిట్లో నిలబడి చూస్తున్నాను. అది ఎంతకీ రాలేదు. ఏడుపు రాలేదు గానీ, మెలకువ వచ్చాక చాలాసేపు నా రెండు చేతులూ చూసుకున్నాను.

పేపరు సగం రాశాం. మొదటి పేరు నాది పెడతామన్నారు. అన్నయ్య అప్పుడే కొత్త చొక్కా కొంటానంటున్నాడు, నా డిగ్రీ రోజు కోసమట. నీకేం చీర కావాలో రాయమన్నాడు.

మీ ఆకాశం టకటక ఏమైంది?

మరదలు

*

డిష్ లోయ
ఏప్రిల్ 6

మరదలికి,

టకటక సంగతి తేలిపోయింది. అది ఆకాశం కాదు, కుట్టుమిషను.

మా గేటు కాపలా ఆయన భార్య మధ్యాహ్నం పిల్లలు బడి నుంచి రాకముందు గంటసేపు బట్టలు కుడుతుందట. మిషనుకు కొత్తగా మోటారు పెట్టించుకుంది. ఆ మోటారులో నిప్పురవ్వలు రేగినప్పుడల్లా అర కిలోమీటరు దూరంలో మా డిష్ ఉలిక్కిపడుతోంది. పాపం ఆవిడ, మేం నలుగురం వెళ్లి తలుపు కొట్టేసరికి చేతిలో గౌను పట్టుకుని కంగారుపడి పోయింది. "నేనేం చేశానండీ, మా పిల్ల గౌను కుట్టుకుంటున్నా" అంది. మా ఇంచార్జి ఇస్త్రీ చొక్కాలో నిలబడి, గౌను బాగుందన్నాడు.

ఎలా తేలిందో చెప్పనా? చాలా తేలిక. డిష్‌ని ఇంకో వైపు తిప్పారు. ఆకాశంలో చప్పుడైతే తిప్పగానే పోవాలి. పోలేదు. ఎటు తిప్పినా అదే టకటక. అంటే అది డిష్ చూసే చోట లేదు, మన ఇంట్లోనే ఉంది.

నువ్వూ తిప్పి చూశావా? ఏ వైపు సంకేతం బతకాలో ఏ వైపు చావాలో తేల్చేది ఫేజ్ నాబే కదా. దాన్ని పూర్తిగా అటు తిప్పితే నిశ్శబ్దం కూడా వాకిలి మారాలి. ఈసారి ఎడమ నుంచి వచ్చేది ఆగి, కుడి నుంచి వచ్చేది నడవాలి. డప్పులే చేస్తున్న పనైతే అలా జరిగి తీరాలి. నీకు తెలియనిది కాదు, ఊరికే అడుగుతున్నాను.

ఈ పూట ఎందుకో మనసు బాగాలేదు. మంచు పదకొండైనా విడవలేదు. చీర సంగతి తర్వాత చూద్దాం.

మీ వదిన

*

ప్రయోగశాల
ఏప్రిల్ 19

వదినా,

కుట్టుమిషను కథ అన్నయ్యకు చదివి వినిపించాను. పడీ పడీ నవ్వాడు. ఆ గౌను రంగేమిటో రాయలేదేం అని అడిగాడు.

పేపరు పూర్తయింది. బొమ్మలు కూడా అయ్యాయి. పెద్దాయనకు వీడ్కోలు సభ ఏర్పాటు చేస్తున్నారు, అందులో ఆయన మాట్లాడేది దీని గురించే. పాత విద్యార్థులందరినీ పిలుస్తున్నారు. నాకు ఊపిరాడనంత పని.

తిప్పడం గురించి అడిగావు. నాబ్ పాతది, కాస్త మొండికేస్తోంది. అయినా ఇంత బాగా కుదిరిన దాన్ని ఇప్పుడు కదిలించడం ఎందుకు? ముందు పేపరు వెళ్లనీ. అన్నీ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఉంటాను.

మరదలు

*

డిష్ లోయ
మే 17

మరదలికి,

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి నాలుగు కాగితాలు చింపాను. ఇది అయిదోది. దీన్ని చింపకుండా వాన్‌లో వేయాలని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

కుడి వాకిలి దారిలో ఐసొలేటర్ ఉంది. నేనే పెట్టాను.

నేను వెళ్లే రోజు గుర్తుందా? నువ్వు కేకు తేవడానికి పైకి వెళ్లావు. నేను ఒక్కదాన్నే ఫ్రిజ్ మూత బిగించే ముందు ఆఖరిసారి చూసుకుంటున్నాను. అంతకు ముందు నెలలో డప్పులు వెనక నుంచి వచ్చే రొదకి వేడెక్కి ఎంత సతాయించాయో నీకు తెలుసు. వాటిని అలా వదిలి వెళ్లబుద్ధి కాలేదు. అరలో పాత ఐసొలేటర్ ఒకటి కనబడింది. పిల్లకు స్వెటర్ తొడిగినట్టు దాన్ని కుడి దారిలో బిగించేశాను, నా నైలాన్ దారం కట్టి ముడి కూడా వేశాను. పైకి వెళ్లి మీ ఇద్దరికీ చెప్పి, ల్యాబ్ పుస్తకంలో రాద్దామనుకున్నాను. పైకి వచ్చేసరికి పెద్దాయన నా చేయి పట్టుకుని "పదకొండేళ్లు" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. కేకు తిన్నాం. బస్సు ఎక్కాను. చెప్పడం మర్చిపోయాను.

నువ్వు మార్చిలో అంకె రాయగానే ఆ డబ్బా గుర్తొచ్చింది. నూటికి ఒక వంతు, చెక్కు చెదరని ఒక వంతు. ఆ డబ్బా మీద అచ్చు వేసిన అంకె అదే. ఎడమ నుంచి వచ్చేదాన్ని పోనిస్తుంది, కుడి నుంచి వచ్చేదాన్ని మింగేస్తుంది. ఆ నిశ్శబ్దం డప్పులది కాకపోవచ్చు. అయస్కాంతానిది.

అయినా నెలన్నర నోరు విప్పలేదు. ఒకవేళ డప్పులే చేస్తున్నాయేమో, నాది ఉత్త భయమేమోనని సర్దిచెప్పుకున్నాను. తిప్పి చూశావా అని అడిగి, నువ్వు తిప్పి చూశాను వదినా, మారింది అని రాస్తావని కళ్లల్లో వత్తులేసుకుని చూశాను. నువ్వు నాబ్ మొండికేసిందని రాశావు. ఆ రోజు వాన్ ఎక్కి రెండు గంటలు ప్రయాణం చేసి లోయ దాటాను. బూత్‌లోకి వెళ్లి నంబరు నొక్కాను. నువ్వు "ఎవరండీ" అన్నావు. నీ గొంతు ఎంత సంతోషంగా ఉందో! పెట్టేశాను.

నిన్ను నా చేతులతోనే ముంచాను. మీ పెద్దాయనను కూడా. తిట్టుకో, కానీ ముప్పయ్యోతేదీ లోపు ఫ్రిజ్ తెరిపించు.

మీ వదిన

*

ప్రయోగశాల
మే 26

అందింది.

ఇంకేం రాయలేను. దయచేసి కొన్నాళ్లు రాయకు.

*

డిష్ లోయ
జులై 11

మరదలికి,

రాయొద్దన్నావు. అయినా ఒక్కటి రాస్తున్నాను, జవాబు రాయకపోయినా పరవాలేదు.

మీ అన్నయ్య వచ్చి రెండు రోజులుండి వెళ్లాడు. ఫోను గేటు దగ్గర ఇచ్చేసి, దారంతా జేబు తడుముకుంటూనే ఉన్నాడు. నువ్వు ఎలా ఉన్నావని అడిగాను. "తింటోంది, పడుకుంటోంది, నా మీద అరుస్తోంది" అన్నాడు. మిగతాదంతా నన్నడగొద్దు, అది మీ ఇద్దరి మధ్య అన్నాడు. నేను గుచ్చి గుచ్చి అడిగినా ఒక్క మాట జారలేదు. ఈ మనిషిలో ఇంత ఉందని నాకు ఇరవయ్యేళ్ల తర్వాత తెలిసింది.

ఇద్దరం డిష్ నీడలో పడుకున్నాం. అది తిరుగుతుంటే నీడ కూడా మా మీద నుంచి మెల్లగా జరిగి పోయింది. మేం కదలలేదు. ఎండ ముఖం మీద పడుతున్నా నాకు కలలో ఉన్నట్టే ఉంది. ఆ కలలోనూ నీ గొంతే "ఎవరండీ" అని అడుగుతూ ఉంది. నేనేనని చెప్పడానికి నోరు తెరుస్తున్నాను, మాట బయటికి రావడం లేదు.

కాంట్రాక్టు డిసెంబరులో అయిపోతుంది. తర్వాత ఆ నేలమాళిగ మెట్లు దిగే ముఖం నాకుందో లేదో తెలియదు. అది నువ్వే చెప్పాలి.

వదిన

*

ప్రయోగశాల, నేలమాళిగ
సెప్టెంబరు 16

వదినా,

ముందు నా సంగతి చెబుతాను. నువ్వు ఉత్తరం రాయకముందే నాకు తెలుసు.

డబ్బా సంగతి తెలియదు, కానీ ఏదో తేడా ఉందని తెలుసు. మార్చి అయిదున, నీకు మొదటి ఉత్తరం పోస్టు చేసిన మర్నాడు, నాబ్ పూర్తిగా తిప్పి చూశాను. నిశ్శబ్దం వాకిలి మారలేదు. ఎడమ నుంచి వెళ్లేది కాస్త నీరసపడింది తప్ప, కుడి నుంచి మాత్రం అదే నూటికి ఒక వంతు. ఇంకోసారి తిప్పలేదు. నాబ్‌దే తప్పని నాకు నేను చెప్పుకుని, ఆ రోజు గీతను ఎవరూ చూడని ఫోల్డర్‌లో పెట్టేశాను. పెద్దాయన ఈల వేస్తుంటే పక్కనే నిలబడి నవ్వాను. నువ్వు తిప్పి చూశావా అని అడిగితే నీతో అబద్ధమాడాను.

నీ ఉత్తరం వచ్చాక నీ మీద కోపం అని అందరికీ అనిపించేలా తిరిగాను. నిజానికి కోపం నా మీద. నీది ప్రేమతో చేసిన పని, ఏడుపులో మర్చిపోయావు. నేను కళ్లతో చూసి దాచాను. నిన్ను తిట్టుకుంటే నన్ను తిట్టుకోనక్కర్లేదని మూడున్నర నెలలు గడిపాను. నన్ను క్షమించు వదినా.

మే ఇరవైఏడున పెద్దాయనకు రెండూ చెప్పాను, నీ ఉత్తరం సంగతీ, నా ఫోల్డర్ సంగతీ. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "డబ్బా పెట్టినావిడ డప్పుల్ని కాపాడింది. నువ్వు ఎవరిని కాపాడావమ్మా?" అన్నారు. పేపరు పంపలేదు. వీడ్కోలు సభలో తన మొదటి ఉద్యోగం గురించి మాట్లాడి, జోకులు చెప్పి దిగిపోయారు. పాత విద్యార్థులు అసలు సంగతి కోసం చివరిదాకా ఎదురుచూశారు. నేను వెనక వరసలో తల ఎత్తలేదు.

నా డిగ్రీ ఏడాది వెనక్కి పోయింది. ఆయన రిటైరయ్యారు, కానీ మర్నాడు మామూలుగానే టిఫిన్ డబ్బాతో మెట్లు దిగి వచ్చారు. "ఇంట్లో నా కుర్చీ మీద ఎప్పుడూ పిల్లి పడుకుంటుంది" అన్నారు. ఇద్దరం ఫ్రిజ్‌ని నాలుగు రోజులు వేడెక్కనిచ్చి మూత తీశాం. నువ్వు చెప్పిన చోటే ఉంది, నీ ముడితో సహా. ముడి విప్పడానికి నాకు అరగంట పట్టింది. నువ్వు వేసిన ముడి వదులుగా ఉన్నదెప్పుడులే.

డబ్బా తీసేసి మళ్లీ చల్లబరిచి చూస్తే కుడి నుంచి సంకేతం హోరుమని వచ్చేసింది, ఎడమ నుంచి వెళ్లినంత. నిశ్శబ్దం లేదు, ఏమీ లేదు. ఆ రోజు ఇంటికి వెళ్లి, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయాను. అన్నయ్య వచ్చి బూట్లు విప్పాడు.

అక్కణ్నుంచి పదకొండు వారాలు. రెండు డప్పుల చలనం, వాటిని నడిపించడానికి సంకేతానికి తోడుగా పంపే మైక్రోవేవ్ స్వరాలు, వాటి మధ్య తేడా, ఒక్కోటి వెంట్రుకవాసి చొప్పున జరుపుకుంటూ వెళ్లాం. తల ప్రాణం తోకకొచ్చింది. ఒక డప్పు కాస్త బద్ధకంగా ఉండాలని, అందులో కొంత సంకేతం ఆరిపోతేనే వెనక దారి మూతపడుతుందని అర్థమవడానికే నెల పట్టింది. ఇన్నాళ్లూ ఒక్క చుక్క కూడా పోకూడదని నేను పోరాడుతున్నాను.

నిన్న మధ్యాహ్నం రెండింటికి కుడి నుంచి వచ్చేది తగ్గడం మొదలైంది. సగమైంది. మూడో వంతుకు వచ్చి ఆగింది. అంతే వదినా, మూడో వంతు. నూటికి ఒకటి కాదు, ముప్పయ్యిమూడు. పేపరు మీద బొమ్మ వేస్తే ఎవరూ ఈల వేయరు. కాస్త ఊగుతూ, బతికున్న దానిలా ఉంది.

పెద్దాయన టిఫిన్ డబ్బా మూత పెట్టి, నా వెనక వచ్చి నిలబడ్డారు. ఏం చేయాలో ఇద్దరికీ తెలుసు. నాబ్ పట్టుకున్నాను. తిప్పాను. తిప్పేటప్పుడు కళ్లు మూసుకున్నాను, నీ దగ్గర దాచేదేమీ లేదు ఇక. కళ్లు తెరిచేసరికి కుడి గీత పైకి లేచింది. ఎడమ గీత మూడో వంతుకు దిగి కూర్చుంది.

మారింది వదినా. వాకిలి మారింది.

"మళ్లీ తిప్పు" అన్నారు పెద్దాయన. తిప్పాను. మళ్లీ వెనక్కి మారింది. "మళ్లీ" అన్నారు. అలా పదకొండుసార్లు తిప్పించారు. ప్రతిసారీ మారింది. పన్నెండోసారి కుర్చీ జరిపి, నాబ్ ఆయనకు వదిలి పక్కకు లేచాను. ఆయన చేయి చాపి, నాబ్ దాకా వచ్చి ఆగారు.

"ఉండనీ" అన్నారు. "ముందు మీ వదినకు రాయి. డిసెంబరు దాకా ఇది నేను చూసుకుంటాను, తర్వాత ఆవిడ వచ్చి చూసుకుంటుందని రాయి."

రాశాను.

నీ మరదలు